పిక్కలో ఉన్న రెండో గుండె
డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని వార్డెన్ సార్ అడిగినప్పుడు మేము ముగ్గురం కూర్చుని ఆలోచించాం. మాలో ఒకరిది జమ్మలమడుగు దగ్గర పల్లె, ఒకరిది పులివెందుల వైపు, ఇంకొకరిది ప్రొద్దుటూరే. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి ప్రతి సంచికలో ఎవరో ఒకరు చక్కగా రాస్తూనే ఉన్నారు. మేము ఈసారి ఒక డాక్టరు గురించి రాయాలనుకున్నాం. ఆయన పేరు మాకు ఒక తప్పు వల్ల తెలిసింది. ఆ తప్పు చేసింది మేమే. ముందు అది ఒప్పుకుని తర్వాత ఆయన కథలోకి వస్తాం.

వంట పెద్దమ్మ కాలు

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా హాస్టల్లో ఒక వంట పెద్దమ్మ ఉండేది. తెల్లవారుజామున పొయ్యి వెలిగించిందంటే రాత్రి భోజనాలు అయ్యేదాకా ఆమె కూర్చోగా మేము చూడలేదు. అన్నం వార్చేటప్పుడూ, పప్పు ఎనిపేటప్పుడూ, మాకు వడ్డించేటప్పుడూ నిలబడే ఉండేది. సాయంత్రానికి ఆమె ఎడమ కాలు వాచేది. పిక్క మీద తాళ్ళు మెలిపెట్టినట్టు నీలంగా ఉబ్బి కనిపించేవి. చీలమండ దగ్గర చర్మం నల్లబడింది.

ఎవరో ఒకడు అది బోదకాలు అన్నాడు. అంతే, ఆ మాట ఒక్క పూటలో హాస్టలంతా పాకింది. ఆమె వడ్డిస్తే మాకూ అంటుకుంటుందని కొందరం కంచాలు వెనక్కి లాక్కున్నాం. చాటున ఏనుగు కాలని పేరు కూడా పెట్టాం. ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది? మరుసటి రోజు నుంచి చీర కుచ్చిళ్ళు పాదాల మీదికి దించుకుంది. గరిటె వాచ్‌మన్ తాత చేతికిచ్చి తాను వంటగదిలోనే ఉండిపోయింది.

అంటు అనే మాట మనిషిని ఎంత కోస్తుందో మా ఇళ్ళలో తాతల నోట విని పెరిగిన వాళ్ళం మేము. ఆ మాటనే మేము ఒక ముసలామె మీద వాడాం.

సంగతి తెలిసి వార్డెన్ సార్ ఆమెను ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. కాగితాలు పట్టుకోవడానికి మమ్మల్నీ రమ్మన్నాడు. అక్కడ డాక్టరు గారు ఆమెను పడుకోబెట్టి కాలు పైకెత్తి పట్టుకున్నారు. కొద్దిసేపట్లో ఆ ఉబ్బిన తాళ్ళు అణిగిపోయాయి. మళ్ళీ నిలబడమంటే మళ్ళీ ఉబ్బాయి. ఇది బోదకాలు కాదనీ, కాలిలోని సిరల కవాటాలు దెబ్బతినడమనీ, దీన్ని వేరికోస్ వెయిన్స్ అంటారనీ మాకు విడమరచి చెప్పారు. ఒకవేళ బోదకాలే అయినా తాకితే రాదనీ, కలిసి తింటే రాదనీ, దోమ కుడితేనే వస్తుందనీ చెప్పారు. ఆ జబ్బుకు మందు తయారు చేయించింది మన తెలుగువాడేనని, పేరు యల్లాప్రగడ సుబ్బారావు అని కూడా చెప్పారు. అంత పెద్ద మనిషి పేరు మాలో ఒక్కరికీ తెలియదు.

కాలిలోని మూడు దారులు

ఆయన కథ అర్థం కావాలంటే ముందు మన కాలు అర్థం కావాలి. మన వైపు చర్మం కింద నీలంగా కనిపించే ప్రతిదాన్నీ నరం అంటాం. నిజానికి నరం అంటే మెదడు నుంచి కబురు మోసేది. నీలంగా కనిపించేది సిర, అంటే రక్తనాళం. కాలిలో ద్రవాలు నడిచే దారులు మూడు రకాలు.

మొదటిది ధమనుల దారి. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని బొడ్డు ఎత్తున రెండుగా చీలి ఒక్కో కాలి వైపు పోతుంది. గజ్జల దగ్గర తొడలోకి దిగుతుంది, మోకాలి వెనుక గుంటలోకి వస్తుంది, అక్కడి నుంచి ముందు పాయ, వెనుక పాయ అవుతుంది. ముందు పాయ పాదం పైభాగానికి వస్తుంది. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య సందు నుంచి కొంచెం పైకి జరిపి రెండు వేళ్ళు మెత్తగా ఆనిస్తే చాలామందికి అక్కడ నాడి తగులుతుంది. వెనుక పాయ నాడి లోపలి చీలమండ వెనుక దొరుకుతుంది. షుగర్ ఉన్నవాళ్ళ పాదాలను డాక్టర్లు పట్టి చూసేది ఈ నాడుల కోసమే.

రెండోది సిరల దారి. పాదానికి దిగిన రక్తం మళ్ళీ గుండెకు చేరాలి. నిలబడిన మనిషిలో అది నాలుగడుగుల ఎత్తు. గుండె తోపుడు పాదం దాకా వచ్చేసరికి తగ్గిపోతుంది. మరి రక్తం పైకి ఎలా ఎక్కుతుంది? సిరల లోపల అక్కడక్కడ చిన్న కవాటాలు ఉంటాయి. అవి పైకి మాత్రమే తెరుచుకుంటాయి. మనం అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి లోపలి సిరలను పిండుతుంది, రక్తం ఒక మెట్టు ఎక్కుతుంది. కండరం వదులైనప్పుడు కవాటం మూసుకుని కిందికి జారనివ్వదు. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. ఇటలీలో ఫాబ్రిషియస్ అనే పండితుడు ఈ కవాటాల మీద 1603లో పుస్తకం రాశాడు. అవి ఎందుకున్నాయో ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో తేల్చి, రక్తం గుండె నుంచి పోయి గుండెకే తిరిగి వస్తుందని రుజువు చేశాడు.

చర్మం కింద పోయే సిరల్లో పెద్దది లోపలి చీలమండ ముందు నుంచి గజ్జల దాకా పోతుంది. మన శరీరంలోకెల్లా పొడవైన సిర ఇదే. గుండెకు బైపాస్ ఆపరేషన్ చేసేటప్పుడు డాక్టర్లు తరచుగా దీని ముక్కనే తీసి వాడతారు. కదలకుండా గంటల తరబడి నిలబడితే పిక్క పిండదు, రక్తం కిందే ఆగుతుంది, సిరలు సాగుతాయి. కొందరికి వంశంలోనే కవాటాలు బలహీనం. కాన్పులైన ఆడవాళ్ళకు ఇంకా ఎక్కువ. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళలో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే పిల్లలు, హోటళ్ళలో వంట చేసేవాళ్ళు, మా పెద్దమ్మ, అందరిదీ ఇదే ముప్పు.

మూడోది శోషరస నాళాల దారి. రక్తనాళాల నుంచి ఊరి కణాల మధ్య మిగిలిన నీరు ఈ సన్నని నాళాల్లో చేరి, గజ్జల్లోని గ్రంథులను దాటి, చివరకు మెడ దగ్గర పెద్ద సిరలో కలుస్తుంది. వీటిలోనూ కవాటాలు ఉన్నాయి. బోదకాలు పురుగులు కాపురం పెట్టేది ఈ నాళాల్లోనే. సిరల వాపు మొదట్లో రాత్రి పడుకుని లేస్తే తగ్గుతుంది. బోదకాలు ముదిరితే వాపు తగ్గదు, చర్మం గట్టిపడి మందమవుతుంది. మేము చూడగానే పేరు పెట్టేశాం గానీ, రెండూ వేరు వేరు దారుల్లో వచ్చే జబ్బులు.

ఈ కాలిని తన మనసులో పెట్టుకుని చూడండి, ఇక సుబ్బారావు గారి జీవితం చెబుతాం.

ఇల్లు వదిలిన పిల్లవాడు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ఉద్యోగం ముందే మానుకోవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ. పిల్లలు ఏడుగురు. ఇల్లు గడవడం కష్టమైంది.

చదువు రాజమండ్రిలో. కానీ మనసు చదువు మీద నిలిచేది కాదు. పదమూడేళ్ళ వయసులో ఇల్లు వదిలి కాశీకి బయలుదేరాడు. అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. తల్లి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. సెలవుల్లో పులివెందుల అరటి తోటల్లో గెలలు మోసి ఇంక చదువెందుకని అనుకున్నవాళ్ళు మనలో లేరా? మాలో ఒకరు ఉన్నారు. ఆయనను వాళ్ళ అమ్మే మళ్ళీ హాస్టలుకు తెచ్చి దించింది.

సుబ్బారావు మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారి రాసి గట్టెక్కాడు. 1913లో తండ్రి చనిపోయారు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతున్నప్పుడు రామకృష్ణ మఠం వైపు మనసు మళ్ళి సన్యాసం తీసుకోవాలనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే జనానికి సేవ చేయవచ్చని మఠంలో పెద్దలు కూడా చెప్పడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువు ఖర్చుకు అండగా నిలిచారు.

ఖద్దరుకు పడిన శిక్ష

అవి గాంధీ గారి పిలుపుతో విదేశీ బట్ట మానుకుంటున్న రోజులు. సుబ్బారావు ఖద్దరు కట్టి కాలేజీకి వెళ్ళాడు. శస్త్రచికిత్స చెప్పే తెల్లదొర బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా చివరకు చేతికి ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ ఇచ్చారు. ఆ పట్టాతో మద్రాసు వైద్య శాఖలో చేరాలని చూస్తే చోటు దొరకలేదు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ అంటే పేగులు తిన్నదాన్ని ఒంటబట్టించుకోలేని జబ్బు. విరేచనాలు, నీరసం, రక్తం తగ్గిపోవడం. అప్పుడు దానికి సరైన మందు లేదు. సుబ్బారావుకు కూడా అదే జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నాడు. ఆ తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరాడు.

అనాటమీ చెప్పే పంతులు అంటే ఎముకలు, కండరాలు, నాళాలు పిల్లలకు విడమరచి చూపించేవాడు. పైన మేము రాసిన కాలి దారులన్నీ ఆయన అప్పుడు ఆ తరగతి గదిలో చెప్పవలసిన పాఠాలే. అయితే దారి పేరు తెలిసినంత మాత్రాన ఆ దారిలో పోయే రక్తం ఎందుకు పలచబడుతుందో తెలియదు. తన అన్నదమ్ములు ఎందుకు పోయారో ఆయనకు తెలియాలి. అందుకు అమెరికా పోవాలని నిశ్చయించుకున్నాడు.

బోస్టన్‌లో రాత్రి కూలీ

మామగారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ భరోసాతోను 1922 అక్టోబరులో బోస్టన్ చేరాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో చేరాడు. మద్రాసు పట్టాతో అక్కడ డాక్టరుగా పని చేసుకునే వీలు లేదు. అందుకని పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రి పూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పనిలో చేరాడు. పగలు చదువు, రాత్రి ఆ పని.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. సుబ్బారావు గారిది బ్రాహ్మణ కుటుంబం. ఆయన పేదరికం, మన పేదరికం ఒకటి కాదు. మన ముందు తరాల వాళ్ళను బడి గడప దాటనివ్వని కట్టుబాట్లు ఆయనకు అడ్డం రాలేదు. మన తాతలు బలవంతంగా చేసిన పనిని ఆయన చదువు కోసం తానుగా ఎత్తుకున్నాడు. ఈ తేడా మరిచిపోయి ఆయనా మనలాంటివాడే అని రాస్తే అబద్ధమవుతుంది. కానీ ఆ పనిని చిన్నతనంగా అనుకోకుండా చేసి, పొద్దున్నే తరగతిలో కూర్చున్న మనిషిని గౌరవించకుండా ఉండలేం.

కండరంలోని రహస్యం

తర్వాత ఆయన హార్వర్డ్‌లోనే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడానికి అప్పుడు తేలికైన పద్ధతి లేదు. వాళ్ళిద్దరూ కలిసి నీలి రంగు వచ్చేలా చేసి, ఆ రంగు గాఢతను బట్టి లెక్క కట్టే పద్ధతి కనిపెట్టారు. 1925లో అది అచ్చయింది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. మాలో ఒకరు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసినప్పుడు ప్రాక్టికల్ పాఠాల్లో ఈ పేరు కనిపించింది. పెద్దాసుపత్రిలో విన్న సుబ్బారావు ఈయనేనా అని వెతికితే ఈయనే.

ఆ పద్ధతితోనే వాళ్ళు కండరం లోపలికి తొంగి చూశారు. 1927లో ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థాన్ని కండరంలో గుర్తించారు. 1929లో ఏటీపీని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. కండరం బిగిసే శక్తి లాక్టిక్ ఆమ్లం పుట్టడం వల్ల వస్తుందని అప్పటిదాకా అందరూ నమ్మేవాళ్ళు. ఈ పరిశోధనలతో ఆ నమ్మకం కదిలిపోయింది.

మామూలు మాటల్లో చెప్పాలంటే ఏటీపీ కండరానికి చేతిలో ఉన్న చిల్లర. ఫాస్ఫోక్రియేటిన్ నడుముకు కట్టుకున్న చిక్కం. కబడ్డీలో కూతకు పోయినవాడు ఒక్కసారిగా దూకినప్పుడు ఆ మొదటి కొన్ని సెకన్లు చిక్కంలోని సొమ్మే చిల్లరగా మారి ఖర్చవుతుంది. తర్వాతే తిన్న తిండి నుంచి వచ్చే శక్తి అందుకుంటుంది.

ఇప్పుడు మన పిక్క దగ్గరికి రండి. పిక్క కండరం బిగిస్తేనే కాలి రక్తం పైకెక్కుతుందని చెప్పుకున్నాం. ఆ బిగింపుకు ఖర్చయ్యేది ఏటీపీ. బోధించిన నాళాల్లో రక్తాన్ని నడిపించే కండరానికి కూలి ఎవరిస్తున్నారో కనిపెట్టినవాళ్ళలో ఆ పాత అనాటమీ పంతులు ఒకరయ్యారు.

1930లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. అంత పని చేసినా హార్వర్డ్‌లో శాశ్వతమైన ఉద్యోగం మాత్రం దక్కలేదు. పేరు కోసం ముందుకు తోసుకునే మనిషి కాదు. పదేళ్ళు అక్కడే ఆశతో పనిచేసి, 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరాడు. 1942లో అక్కడి పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యాడు.

అన్నదమ్ముల అప్పు తీరింది

అక్కడ ఆయన మొదట పట్టుకున్నది రక్తం తగ్గే జబ్బునే. 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులను పరీక్షించి, ఈస్టు నుంచి తీసిన పదార్థం తినిపిస్తే వాళ్ళ రక్తహీనత తగ్గుతోందని చూపించింది. అందులో ఏముందో అప్పుడు తెలియలేదు. 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థాన్ని తీసి, లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసే దారి సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో సాధించింది. స్ప్రూ రోగులకు కూడా ఈ మందు పనిచేసింది. అన్నదమ్ములు పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది.

బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆడపిల్లలకూ గర్భిణులకూ ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఐరన్‌తో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. మన ఆకుకూర పప్పులో ఉండేదీ అదే. పప్పులో ఆకు తీసి కంచం అంచున పెట్టే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ పనిలోంచే ఇంకొకటి పుట్టింది. ఫోలిక్ ఆమ్లం రక్తకణాలు పెరగడానికి కావాలి. దానికి అడ్డుపడే మందు ఇస్తే క్యాన్సర్ కణాలు పెరగకుండా ఆగుతాయా? లెడర్లీలో అలాంటి మందులు తయారు చేసి బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్‌కు పంపారు. వాటిలో అమైనాప్టెరిన్ ఒకటి. దాన్ని రక్తపు క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టిందని ఫార్బర్ 1948లో ప్రకటించాడు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. 1948లోనే బయటికొచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనిపెట్టిన బెంజమిన్ డుగ్గర్ కూడా ఆయన విభాగంలోనే పనిచేశాడు.

బోదకాలికి మందు

ఇక మమ్మల్ని ఆయన దగ్గరికి తీసుకుపోయిన జబ్బు. బోదకాలు మన సీమ కంటే కోస్తా జిల్లాల్లో ఎక్కువ. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగిన సుబ్బారావు గారికి అది కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పోరాడిన అమెరికా సైనికులకు కూడా ఈ జబ్బు సోకడంతో మందు కోసం వెతుకులాట పెరిగింది.

ఈ జబ్బు తీరు ఇది. క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు పురుగు పిల్లలు ఒంట్లోకి పోతాయి. శోషరస నాళాల్లో చేరి దారాల్లాంటి పెద్ద పురుగులవుతాయి. ఏళ్ళ తరబడి అక్కడే ఉండి నాళాలను సాగదీసి కవాటాలను పాడుచేస్తాయి. నీరు పైకి పోలేక కాలు వాస్తుంది. ఆ పురుగులు పెట్టే పిల్లలు రాత్రి పూట రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా పరీక్షకు రక్తం రాత్రుళ్ళు తీస్తారు. వాటిని దోమ పీల్చుకుని ఇంకొకరికి చేరుస్తుంది.

లెడర్లీ పరిశోధకులు వందల పదార్థాలను పరీక్షించి 1947లో డైఈథైల్ కార్బమజిన్ అనే మందును ప్రకటించారు. హెట్రజాన్ అన్నది దాని అమ్మకపు పేరు. మన ప్రభుత్వ సిబ్బంది ఇంటింటికీ తెచ్చే డీఈసీ మాత్ర ఇదే. రక్తంలో తిరిగే పురుగు పిల్లలను ఇది చంపుతుంది. అవి లేకపోతే దోమకు మోసుకుపోవడానికి ఏమీ ఉండదు. అందుకే జబ్బు ఉన్న ప్రాంతాల్లో రెండేళ్ళు దాటిన అందరికీ, గర్భిణులకూ బాగా జబ్బుపడిన వాళ్ళకూ తప్ప, ఏడాదికోసారి ఈ మాత్ర మింగిస్తారు. జబ్బు లేని మాకెందుకని కొందరు పారేస్తుంటారు. పక్కింటివాడి కాలు కాపాడడానికి కూడా ఆ మాత్ర మింగాలి. ఒకసారి బాగా వాచి గట్టిపడిన కాలు ఈ మందుతో మామూలు కాదు. అలాంటివాళ్ళు రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు ఆరబెట్టుకుంటే జ్వరాలు, పుండ్లు తగ్గుతాయి.

తిరిగి రాని మనిషి

సుబ్బారావు గారు మళ్ళీ మన దేశం రాలేదు. పుట్టిన ఒక్క కొడుకు పసితనంలోనే పోయాడు. త్వరలో వస్తాడని శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. పరిశోధన ఆయనను వదల్లేదు, ఆయన పరిశోధనను వదల్లేదు. ఎంత గొప్ప పనికోసమైనా ఇంట్లో ఒక మనిషి చెల్లించిన ధర అది. ఆ ధరను కూడా ఆయన జీవితంలో భాగంగానే రాయాలి.

చివరి వరకు ఆయన అమెరికా పౌరుడు కూడా కాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. ఆయన పేరు మీద 1953లో ఒక బూజు జాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది. నోబెల్ బహుమతి రాలేదు. మన పాఠ్యపుస్తకాల్లో మేము చదివినంతలో ఆయన పేరు కనబడలేదు.

తమ్ముళ్ళకు చివరి మాట

తమ్ముళ్ళూ, మెట్రిక్ రెండుసార్లు తప్పినవాడు కండరం గుట్టు విప్పాడు. పది తప్పితే జీవితం అయిపోయిందని ఎవరూ కుమిలిపోవద్దు. కాలిలో రక్తం ఒక్క ఉదుటున గుండెకు చేరదు. ఒక కవాటం దగ్గర నిలదొక్కుకుని ఇంకో కవాటానికి ఎక్కుతుంది. మాకు ఈ హాస్టల్ అలాంటి కవాటం. ఇది లేకపోతే మేము ఎప్పుడో కిందికి జారిపోయేవాళ్ళం.

ఆ రోజు పెద్దాసుపత్రి నుంచి వచ్చాక వార్డెన్ సార్ వంటగదిలో ఒక ఎత్తు పీట వేయించాడు. డాక్టరు గారు చెప్పినట్టు పెద్దమ్మ కాలికి బిగుతు సాక్సు తొడుక్కునేది, రాత్రి కాలి కింద దిండు పెట్టుకునేది, మధ్య మధ్య కొంచెం నడిచేది. మేము వంతులు వేసుకుని నీళ్ళ బిందెలు మోశాం. కొన్నాళ్ళకు ఆమె గరిటె మళ్ళీ తన చేతిలోకి తీసుకుంది. అప్పుడు మా కంచాల్లో ఆమె ఎప్పటిలాగే వడ్డించింది. మేము తప్పయిందని మాత్రం చెప్పలేదు. ఎలా చెప్పాలో మాకు చేతకాలేదు.

పెద్దమ్మా, నీ కాలికి తప్పుడు పేరు పెట్టినందుకు, నీ చేతి అన్నానికి కంచం వెనక్కి లాగినందుకు మమ్మల్ని క్షమించు. ఆమెకు చదవడం రాదు. ఈ సంచిక అచ్చయి వచ్చాక మాలో ఒకరు ఆమె ఊరికి పోయి ఈ పేజీలు చదివి వినిపిస్తాం.